ఇరవై మూడు కన్నాలు

"ఈ గోడ మన మీదే పడుతుంది, చూస్తూ ఉండు," అన్నాను.

అప్పటికింకా గోడ లేదు. పునాదికి గుంట కూడా తీయలేదు. మా అమ్మాయి పెరట్లో నాలుగు మేకులు పాతి, వాటికి పురికొస బిగించి కడుతోంది. ఐదో మేకు నోట్లో ఉంది. అది తీసి, "ముందు కట్టనీ అమ్మా, తర్వాత పడేద్దువుగాని," అంది.

నాకు నవ్వు రాలేదు. మా ఇల్లు కొండవాలుకి కింద ఉంది. ఇంటి వెనక పెరడు, పెరటి వెనక నిటారుగా మట్టి, ఆ మట్టి నెత్తిన మా తోడికోడలి ఇల్లు. పడుకుంటే కప్పు మీద కొండ ఉన్నట్టే ఉంటుంది. అలాంటి చోట పాతికేళ్లు కాపురం చేసిన మనిషికి పడటం తప్ప ఇంకేం తోస్తుంది.

నిజం చెప్పాలంటే ఆ వాలు ఒకప్పుడు అంత నిటారుగా ఉండేది కాదు. అలా చేసింది మేమే. ఆరేళ్ల కిందట, బట్టలుతుక్కోవడానికి చోటు చాలడం లేదని వాలు పాదం దగ్గర ఎనిమిదడుగులు తవ్వించి పెరడు పెంచుకున్నాం. ఆ ఏడు వానలకి పైమట్టి పెళ్లలు పెళ్లలుగా జారింది. ఒకనాడు పొద్దున్నే లేచి చూస్తే మా తోడికోడలి నిమ్మచెట్టు మా పెరట్లో నిలబడి ఉంది. విరగలేదు, ఒరగలేదు. కాళ్లున్నట్టు దిగొచ్చింది. ఆవిడ పైనుంచి తొంగిచూసి, మట్టి తిన్నది చాలక చెట్టు కూడా కావాల్సొచ్చిందా అంది. నీ చెట్టుకే నీ దగ్గర ఉండబుద్ధి కాలేదేమో అన్నాను నేను. మా ఇద్దరి మధ్య నేరుగా నడిచిన ఆఖరి మాట అదే.

ఆ తర్వాత ఆరేళ్లూ గాలితో మాట్లాడుకున్నాం. ఆవిడ తన వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని గాలికి చెబుతుంది, కొందరు పరాయి మట్టి మీద హాయిగా నిద్రపోతారని. నేను ఉతుకురాయి దగ్గర గాలికి చెబుతాను, కొందరి మట్టి కూడా కొందరి నోటిలాగే ఊరికే జారుతుందని. ఒకసారి ఒళ్లు మండి, పెరట్లో పేరుకున్న మట్టంతా నాలుగు బస్తాలకెత్తి మా ఆయనతో పైకి పంపాను. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు, గొడవల్లో మాత్రం వేలు పెట్టరు. ఒక బస్తా ఆవిడ గుమ్మం ముందు దింపి వచ్చి, రెండోదానికి ఎవరిదో మిషను అర్జెంటుగా గుర్తొచ్చి షాపుకి వెళ్లిపోయారు. మర్నాడు ఆ బస్తా పైనుంచి బోర్లా వచ్చింది, ఆరేసిన బట్టల మీదికి. నిమ్మచెట్టు మాత్రం మా పెరట్లోనే కాస్తోంది. ఆవిడ ఒక్క కాయ అడగలేదు. నేను పంపలేదు.

నాకు ఆవిడ పెట్టిన పేరు 'అమ్మో'. ప్రతి మాటకీ ముందు అమ్మో అంటానట. మా అమ్మాయి పైకి వెళ్తే, మీ అమ్మో ఎలా ఉంది అని అడిగేది.

అలా ఉండగా ఊరి ఆఫీసు నుంచి రెండు ఇళ్లకీ ఒకే నోటీసు వచ్చింది. వానలు రాకముందే వాలుని కట్టుదిట్టం చేయించుకోవాలి, లేకపోతే పై ఇల్లు ఖాళీ చేయిస్తామని. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి ఒక అవకాశం అవసరపడింది. దాని పని అదే మరి. ఐదేళ్లుగా ఒక కాంట్రాక్టరు దగ్గర మట్టి జారే చోట్లా, సముద్రం కోసే చోట్లా పనిచేస్తోంది. ఆడపిల్లకి ఆ రాళ్లేమిటి, ఆ బురదేమిటి అని నేను ఏడవని రోజు లేదు. ఒకసారి ఒడ్డు దగ్గరికి తీసుకెళ్లి చూపించింది కూడా. తీగబుట్టల నిండా రాళ్లు నింపి, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పేర్చారు. నిటారుగా గోడ కడితే అల గుద్దుకుని వెనక్కి పోతూ పోతూ గోడ పాదం తవ్వేస్తుందట. ఏటవాలుగా రాళ్లుంటే అల పైకెక్కి, సందుల్లో దూరి, అలిసిపోయి దిగుతుందట. అది చెబుతున్నంత సేపూ నేను ఒక్కటే చూశాను, ఆ రాళ్ల మీద నా కూతురు చెప్పుల్లేకుండా నడుస్తోంది. జారితే తల ఎక్కడ తగులుతుందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ కాంట్రాక్టరు ముసలాయన పని మానేస్తున్నాడు. సొంత లైసెన్సు తెచ్చుకుంటే నా మనుషులు ఎనిమిది మందినీ నీకే అప్పగిస్తానని దానితో అన్నాడు. లైసెన్సు ఇచ్చేది ఆఫీసు ఇంజనీరు. ఎండలోనూ వానలోనూ చేతిలో గొడుగు ఉంటుంది కాబట్టి అందరూ గొడుగాయన అంటారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. సొంతంగా ఒక పని చేసి చూపించాలి, అది ఒక పెద్ద వానకి నిలబడాలి, తాను వచ్చి కళ్లారా చూడాలి. నిలబడితే సంతకం. లేకపోతే మళ్లీ మూడేళ్ల దాకా అడగడానికి లేదు. మూడేళ్లు ఆ ఎనిమిది మందీ దాని కోసం కూర్చుంటారా.

మా వాలే ఆ పని అయింది.

పైఇంటి ఒప్పుకోలు కావాలి కాబట్టి అమ్మాయి వెళ్లి పెద్దమ్మని అడిగింది. ఆవిడ టీ ఇచ్చి, "మీ అమ్మ నోట్లోంచి వచ్చేదంతా చెడే. నీ చేతిలోంచి ఏమొస్తుందో చూద్దాం," అని కాగితం మీద సంతకం పెట్టిందట. ఆ మాట విన్నాక ఆవిడ టీలో ఏం కలిపిందోనని రెండు రోజులు పిల్ల మొహం చూస్తూనే ఉన్నాను.

పని నెలన్నర సాగింది. ముందు వాలు నెత్తిన, మా తోడికోడలి వంటింటి వెనక, అడ్డంగా ఒక సిమెంటు కాలువ వేశారు. పైకప్పు నీళ్లు వాలు మీద పడకుండా పక్కకి పోవాలి కదా. వాలుని నిటారుగా ఉంచకుండా పెద్ద పెద్ద మెట్లుగా చెక్కారు. ఆ మెట్ల మీద కొబ్బరిపీచు చాపలు పరిచి, కర్రమేకులతో దిగగొట్టి, అడ్డంగా వరసలు వరసలుగా వట్టివేరు గడ్డి నాటారు. చాప రెండేళ్లలో కుళ్లిపోతుంది, ఆలోగా గడ్డి వేళ్లు మనిషి లోతు దిగి మట్టిని పట్టుకుంటాయి అంది అమ్మాయి. వాటన్నిటికీ కింద, మా పెరటి అంచున, తొమ్మిదడుగుల రాతిగోడ.

గోడ అయితే బాగానే కట్టింది. నాకు నచ్చనివి కన్నాలు. గోడలో రెండు వరసలుగా గొట్టాలు పెట్టించింది. కింది వరసలో పన్నెండు, పై వరసలో పదకొండు. ఒక్కో కన్నంలోకి నా పిడికిలి దూరుతుంది. పిడికిలి దూరిన చోట పాము దూరదా, ఎలక దూరదా. అడిగితే, గోడ వెనక కంకర ఉంది, గుడ్డ ఉంది, అక్కడ ఏదీ కాపురం పెట్టదు, వాన నీళ్లు లోపల నిలవకుండా బయటికి రావడానికే ఆ గొట్టాలు అని చెప్పింది. మొదటి వానలకి నీళ్లు పచ్చగా వస్తాయి, కంగారు పడొద్దు, నాలుగు రోజులకి తేటబడతాయి అని కూడా చెప్పిందట. చెప్పే ఉంటుంది. అప్పుడు నా కళ్లు ఒక గొట్టం అంచున పాకుతున్న జెర్రి మీద ఉన్నాయి.

గోడ పూర్తయిన ఐదో రోజున అమ్మాయికి కబురొచ్చింది. ఎక్కడో సముద్రం రోడ్డు అంచుని కోసేస్తోంది, ముసలాయనకి ఇదే ఆఖరి పని, రమ్మన్నాడు. పన్నెండు రోజులకని వెళ్లింది. వెళ్లేముందు గోడని చేత్తో తట్టి, "దీన్ని ఎవరూ ముట్టుకోకండి," అంది. నావైపు చూసే అంది.

రెండో రోజున చిన్న వాన పడింది. మూడో రోజు పొద్దున్న ఉతుకురాయి దగ్గరికి వెళ్లేసరికి కన్నాలన్నిటిలోంచీ నీళ్లు కారుతున్నాయి. పసుపు కలిపినట్టున్న నీళ్లు. ఉతికిన దుప్పటి మీద చారలు. గోడ లోపల మట్టంతా కరిగి వచ్చేస్తోంది, లోపల గుల్ల అయిపోతోంది, ఇంకో వానకి డొల్ల గోడ మా మీద కూర్చుంటుంది అనుకున్నాను. అమ్మాయికి ఫోన్ చేస్తే సముద్రపు హోరు తప్ప ఏమీ వినబడలేదు. "అమ్మా, తర్వాత," అని పెట్టేసింది.

పైన మెట్టు మీద మా తోడికోడలు కూర్చుని ఉంది. ఆవిడా ఆ పచ్చనీళ్లే చూస్తోంది. గాలితో అంది, ఇన్నాళ్లూ పెళ్లలుగా పోయిన నా మట్టి ఇప్పుడు గొట్టాల్లో పోతోంది, దొంగతనానికి పైపులైను వేశారు, ఉండండి, ఆ గొట్టాలు ఒక్కటీ వదలకుండా మూసేస్తానని. ఆ మాట మూడు రోజులు అంది. పాలవాడితో అంది, పక్కింటివాళ్లతో అంది. వీధంతా విన్నది.

మూసింది మాత్రం నేను.

మధ్యాహ్నం మా ఆయన షాపులో ఉంటారు. వీధి గేటుకి ఎప్పటిలాగే రెండు తాళాలూ వేసుకున్నాను. పాత తువ్వాళ్లు, చిరిగిన దుప్పటి, అమ్మాయి చిన్నప్పటి నీలం గళ్ల స్కూలు గౌను, దొరికినవన్నీ ముక్కలుగా చింపి కన్నాల్లోకి కర్రతో కుక్కాను. ఉతుకురాయి అతకగా మిగిలిన సిమెంటు అరబస్తా ఉంది. అది కలిపి పైన పూసి, అట్లు తిప్పినట్టు చెంచా వెనకభాగంతో నున్నగా తిప్పాను. కింది వరస ఒక మధ్యాహ్నం, పై వరస ఒక మధ్యాహ్నం. పై వరసకి స్టూలు అందలేదు. స్టూలు మీద బకెట్టు బోర్లించి ఎక్కాను. కాలు జారితే ఉతుకురాయి మీదే పడతానని తెలుసు. అయినా ఎక్కాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను. ఒక ఇంటిని కాపాడినదాన్ని అన్నట్టు.

ఎనిమిదో రోజున పెద్దవాన మొదలైంది. మూడు రోజులు ఆగకుండా కొట్టింది. మొదటి రోజు నేను కిటికీలోంచి గోడని చూసి మురిసిపోయాను, ఒక్క చుక్క కారలేదు. రెండో రోజు రాళ్ల సందుల్లో చెమట పట్టినట్టు తడి కనిపించింది. మూడో రోజు పొద్దున్న గోడకి కడుపొచ్చింది. ఇంకోలా ఎలా చెప్పాలో నాకు తెలియదు. నడిమధ్యన గోడ ముందుకి ఉబ్బి, పొట్టతో ఉన్నదాని లాగా నిలబడింది. ఒక రాయి నుంచి ఇంకో రాయికి మెట్లు దిగినట్టు బీట వచ్చింది. పైన మా తోడికోడలి వంటింటి వెనక తలుపు సగంలో ఆగిపోయి మూసుకోవడం లేదట. ఆవిడ గాలితో చెప్పడం మానేసి నేరుగా ఆఫీసుకి ఫోన్ చేసింది.

నేను అమ్మాయికి చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. గోడ, గోడ అని మాత్రం అన్నాను.

తెల్లవారగానే బస్సు దిగి వచ్చింది, మోకాళ్ల దాకా ఉప్పుబురదతో. మా ఆయన్ని ఇసుక బస్తాలకి పంపింది. పెరట్లోకి వచ్చి గోడని చూసింది. ముందు కడుపు చూసింది, తర్వాత కన్నాలు చూసింది. ఒక కన్నం మీద వేలితో రాసి, ఆ నునుపు చూసింది.

"ఎవరు మూశారు?"

అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ లేదు. ఆఫీసు గోడ మీద ఒక బోర్డు ఉంటుంది, వాలు పనులని పాడుచేసినవారు శిక్షార్హులని. ఆ బోర్డు కళ్ల ముందు నిలబడింది. చేతికి బేడీలు, వీధిలో జనం, మెట్టు మీద మా తోడికోడలు, అన్నీ ఒక్కసారి కనిపించాయి. తలెత్తి పైకి చూశాను. అంతే చేశాను.

అది కూడా పైకి చూసింది.

అది పెద్దమ్మని ఏమన్నదో అంతా రాయను. అది చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో పెరిగిన పిల్ల. ముసలితనం వచ్చినా కడుపుమంట చావలేదా అంది, నా పొట్ట మీద కొట్టావంది, నిమ్మచెట్టు దిగొచ్చినట్టు నీ ఇల్లు దిగొస్తే తెలిసేది అంది. గొంతు పెంచకుండా అంది. అదే ఎక్కువ బాధగా ఉంది. మా తోడికోడలు పైనుంచి అంతా విని, లోపలికి వెళ్లింది. పది నిమిషాల తర్వాత చూస్తే చేతికర్రతో రోడ్డు చుట్టి వచ్చి మా గేటు దగ్గర నిలబడి ఉంది, గొడుగాయన వెనక. ఆవిడ మోకాళ్లు పనిచేయక రెండేళ్లయింది. ఆరేళ్లలో మా గేటు ముట్టుకోవడం అదే మొదలు.

నేను మెడలోంచి తాళంచెవుల తాడు తీసి రెండు తాళాలూ తెరిచాను.

గొడుగాయన ముందు వాలు చూశాడు. గొడుగు మొనతో చాపని పొడిచాడు, గడ్డిని లాగాడు. పైన ఒక్క పెళ్ల కదల్లేదు, చాప కింద మట్టి అలాగే ఉంది. తల ఊపాడు. తర్వాత గోడ ముందుకొచ్చి ఆ కడుపునీ కన్నాలనీ చూశాడు. గొట్టాలు మూసి ఉన్నాయేమిటి అని నన్నే అడిగాడు, ఇల్లుగలదాన్ని కాబట్టి. మాకేం తెలుసండీ, మూసేస్తానని వారం కిందటే ఆవిడ అంది, వీధిలో ఎవర్నైనా అడగండి అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆయన మా తోడికోడలి మోకాళ్లకేసి చూశాడు. గేటుకేసి చూశాడు.

"ఈ తాళాలు ఎవరు వేస్తారు?"

"నేనేనండి."

"తాళంచెవులు ఎప్పుడూ మీ దగ్గరే ఉంటాయా?"

"మెడలోనే. స్నానానికి కూడా తీయను," అన్నాను. ఎవరైనా జాగ్రత్త గురించి అడిగితే నాకు గర్వం వచ్చేస్తుంది, ఆ అలవాటు నన్ను ముంచింది.

మరి ఆవిడ ఎక్కడినుంచి వచ్చి మూసిందమ్మా, ఎగిరొచ్చిందా అన్నాడు. మా తోడికోడలు నా వైపు చూడను కూడా చూడలేదు. నిమ్మచెట్టు కింద నిలబడి, దాని కాండం మీద చెయ్యి వేసి చూస్తోంది, ఎంత లావైందో కొలుస్తున్నట్టు.

ఈలోగా అమ్మాయి గడ్డపలుగు తెచ్చుకుంది. అందర్నీ పక్కకి జరగమని, గోడకి ఎదురుగా కాకుండా ఓరగా నిలబడి, పై వరసలో అంచున ఉన్న కన్నాన్ని పొడిచింది. సిమెంటు బిళ్ల ఊడిపడింది. దాని వెనక గుడ్డ. పలుగు మొనకి చుట్టి లాగింది. గుడ్డ సాగి సాగి వచ్చింది, దాని వెనకే నీళ్లు దూకాయి, ఉతుకురాయి దాటి పడేంత జోరుగా.

గుడ్డ దాని చేతిలో ఉంది. బురదలో నానినా నీలం గళ్లు కనిపిస్తున్నాయి. జేబు దగ్గర ఎర్రదారంతో నేను కుట్టిన దాని రోల్ నంబరు కూడా ఉంది.

అది ఆ గుడ్డని చూసింది. నన్ను చూసింది. పైకి చూడలేదు ఈసారి. గుడ్డని మడిచి పిడికిట్లో పెట్టుకుని రెండో కన్నం దగ్గరికి వెళ్లింది.

గొడుగాయన అప్పటికే ఫైలు తెరిచాడు. ఆయనకి ఇది కొత్త కాదట. గోడ కట్టేటప్పుడు గొట్టాల్లోకి సిమెంటు పడకుండా మేస్త్రీలు గుడ్డలు కుక్కుతారు, పని అయ్యాక తీయడం మరిచిపోతారు, పైన ఎవడో పూత కూడా లాగేస్తాడు, ఎన్ని గోడలు ఇలా పోయాయో అన్నాడు. పని చేసినవాళ్ల నిర్లక్ష్యం అని రాస్తాను, నీకేమైనా చెప్పుకోవాలని ఉందా అని దాన్ని అడిగాడు.

అది మూడో కన్నం పొడుస్తోంది. "రాసుకోండి," అంది.

నా కూతురు తన గొట్టాల్లో గుడ్డలు మరిచిపోయిందట. రాసుకోండట. ఐదేళ్లు ఎండలో నల్లబడి, రాళ్ల మీద గోళ్లు ఊడగొట్టుకుని సంపాదించుకున్నదంతా, అమ్మ కుక్కిన గౌనుముక్క పిడికిట్లో దాచుకుని, రాసుకోండి అంటోంది. నాతో దెబ్బలాడి ఉంటే బాగుండేది. నన్ను జుట్టు పట్టుకుని గోడకి చూపించినా బాగుండేది.

"నేనే మూశానండి," అన్నాను.

ఆయన కలం ఆగలేదు. మళ్లీ అన్నాను. పచ్చనీళ్లు చూసి భయపడి మూశాను, గుడ్డలు మావే, సిమెంటు మాదే, చెంచా కూడా చూపిస్తాను అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూసిన చూపులో కోపం కూడా లేదు.

"ఇందాక ఆవిడ మూశారన్నారు. ఇప్పుడు మీరు మూశానంటున్నారు. ఇంకాసేపు ఉంటే నేనే వచ్చి మూశానంటారు," అన్నాడు. "పిల్లల కోసం తల్లులు ఏమైనా చెబుతారమ్మా. దాన్ని నేను ఫైల్లో రాయలేను. ఎవరైనా చూశారా?"

ఎవరు చూస్తారు. మా ఆయన షాపులో ఉన్నారు. గేటుకి రెండు తాళాలు. పక్కవాళ్లకి మా పెరడు కనబడదు. మా పెరడు కనిపించే చోటు ఈ లోకంలో ఒక్కటే ఉంది, మా తోడికోడలి వంటింటి వెనక మెట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండో మధ్యాహ్నం బకెట్టు మీద నిలబడి ఆఖరి కన్నం మెత్తుతుంటే పైన మెట్టు మీద రెండు పాదాలు కనిపించాయి. కాళ్లకి రాసుకున్న మందు వాసన కూడా గాలికి వచ్చింది. మొహం చూడలేదు. మాకు మొహాలు చూసుకునే అలవాటు పోయి ఆరేళ్లయింది కదా. చూస్తే చూడనీ, ఆవిడ కోరిక కూడా ఇదేగా అనుకుని దిగిపోయాను.

ఆవిడకి అవన్నీ తెలుసు. తెలిసే, అమ్మాయి అన్నన్ని మాటలు అంటుంటే నోరు మెదపలేదు. ఇప్పుడు మెదపాల్సిన పని అసలే లేదు. తాళాలే ఆవిడని ఒడ్డున పడేశాయి. ఊరికే నిలబడితే చాలు, నా కూతురు మునుగుతుంది, నేను మునుగుతాను, ఆరేళ్ల మట్టికీ చెట్టుకీ బదులు తీరుతుంది.

నేను నిమ్మచెట్టు దగ్గరికి వెళ్లాను. గాలికి చెప్పడానికి లేదు ఈసారి.

"అక్కయ్యా," అన్నాను. ఆ మాట పలకక ఎన్నాళ్లయిందో. "నువ్వు చూశావు. పైనుంచి చూశావు. నన్నేమన్నా పడతాను, పిల్లని మాత్రం ముంచకు. చూశావా లేదా చెప్పు."

ఆవిడ చెప్పలేదు.

చెట్టు మీది చెయ్యి తీయలేదు. నా వైపు తిరగలేదు. గొడుగాయన కలం కాగితం మీద పెట్టి ఆగాడు. అమ్మాయి నాలుగోదీ ఐదోదీ పొడిచింది. ఒక్కో గుడ్డా ఊడినప్పుడల్లా నీళ్లు దూకి, కాసేపటికి జోరు తగ్గి, కారడం మొదలెట్టాయి. పై వరస అయిపోయింది. కింది వరసకి మోకాళ్ల మీద కూర్చుంది. చినుకులు ఆగిపోయాయి. ఈవిడ చెప్పదు, ఇలాగే నిలబడి మమ్మల్ని పూడ్చేసి, ఒక నిమ్మకాయ కోసుకుని పోతుంది అనుకున్నాను. మొదట తెరిచిన కన్నంలోంచి వచ్చే నీళ్లు పసుపు రంగు పోయి, తాగే నీళ్లలాగా అయ్యాయి. వాటిని చూస్తూనే ఉన్నాను, ఇంకెటు చూడాలో తెలియక.

చివరికి ఆవిడ కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. గొడుగాయన వైపు కాదు, నా వైపు తిరిగింది. ఆరేళ్ల తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఇరవై మూడు," అంది. "కింది పన్నెండూ ఒక రోజు, పై పదకొండూ ఒక రోజు. స్టూలు మీద బకెట్టు బోర్లించి ఎక్కావు. నా మట్టి ఇంక పోదులే అని ఊరుకున్నాను. పడితే నవ్వుదామని రెండు మధ్యాహ్నాలూ అక్కడే కూర్చున్నాను."